సచ్చిన సిపాయికి దండ.. నోరు దెరిచిన సిపాయికి కోర్టు

యుద్ధంల పానం ఇడిసిన సిపాయి ఫొటోకు దండ ఏసుడు అల్కటి పని. పూలు దొరుకుతయి, మైకు దొరుకుతది, రెండు నిమిషాలు మౌనంగ నిలవడెతందుకు ఎవలికీ అడ్డు లేదు. ఫొటో మర్లవడి ప్రశ్న అడగదు కాబట్టి పెద్దమనుషులకు ఇబ్బంది గూడ లేదు. ఇబ్బంది ఎక్కడొస్తదంటె, అదే యుద్ధం జేసి పానంతోటి తిరిగొచ్చిన సిపాయి నోరు దెరిచినప్పుడు.

అమెరికాల స్మెడ్లీ బట్లర్ అని ఒక జనరల్ ఉండె. ఆ దేశంల సిపాయికి ఇచ్చే అన్నిట్ల పెద్ద పతకం పేరు మెడల్ ఆఫ్ ఆనర్. ఆయనకు అది రెండుసార్లు వచ్చింది. గసువంటి మనిషిని 1931ల ఆయన సర్కారే అరెస్టు చేసింది. దేశం రహస్యాలు అమ్ముకున్నడని కాదు, ఖజానా పైసలు తిన్నడని కాదు. ఇటలీని ఏలుతున్న ముస్సోలినీ గురించి ఒక సభల ఒక ముచ్చట చెప్పిండని. పరాయి దేశపు నియంతకు కోపమొచ్చిందని సొంత జనరల్‌ను కోర్టుల నిలవెడదామనుకున్నరు. ఇది ఎట్లయిందో తెల్వాలంటె ఆయన బతుకును మొదటికెళ్లి చూడాలె.

బట్లర్ 1881 జులై 30న పెన్సిల్వేనియా రాష్ట్రంల వెస్ట్ చెస్టర్ అనే ఊర్ల పుట్టిండు. వాళ్లది క్వేకర్ కుటుంబం. క్వేకర్లంటె ఆయుధం పట్టుడే తప్పని నమ్మే క్రైస్తవ శాఖ. తండ్రి థామస్ బట్లర్ అమెరికా పార్లమెంటుల చాన ఏండ్లు సభ్యునిగ ఉన్నడు, నౌకాదళం వ్యవహారాలు చూసే కమిటీల పెద్ద మనిషి. గసువంటి ఇంట్ల పుట్టిన పోరడు 1898ల స్పెయిన్‌తోటి యుద్ధం మొదలుగాంగనే బడి ఇడిసిపెట్టిండు. 17 ఏండ్లు గూడ నిండలే. వయసు ఎక్కువ చెప్పి మెరీన్ దళంల చేరిండు. ఓడల మీద పోయి పరాయి ఒడ్డున దిగి కొట్లాడే దళం అది.

ఇయ్యాల మన ఊర్లల్ల పొద్దుగాల నాలుగు గొట్టంగ లేచి రోడ్డు మీద ఉరుకుతున్న పోరగాళ్లకు ఆ వయసు ఉడుకు ఎట్లుంటదో చెప్పెడిది లేదు. యూనిఫాం మీద మోజు ఉంటది, దేశం మీద ప్రేమ ఉంటది, ఇంట్ల నాలుగు పైసలు వస్తయన్న ఆశ ఉంటది. బట్లర్‌కు పైసల తిప్పలు లేకుండె గని, తక్కింది అంత అదే.

1900ల చైనాకు పంపిన్రు. అక్కడ పరాయి దేశాలోళ్ల పెత్తనం మీద బాక్సర్లు అనేటోళ్లు తిరగవడ్డరు. తియన్‌జిన్ కాడి కొట్లాటల గాయపడ్డ తోటి మనిషిని తీసుకొద్దామని కందకంలకెళ్లి బయటికచ్చి తొడల తూటా తిన్నడు. ధైర్యానికి తక్కువ లేదు. తర్వాత ఫిలిప్పీన్స్, పనామా, 1912ల నికరాగ్వా, 1914ల మెక్సికో, 1915ల హైతీ. మ్యాపు తీసి చూస్తె అవన్ని చిన్న దేశాలు, బీద దేశాలు, లేకపోతె లోపల కొట్లాటలతోటి ఆగమైన దేశాలు. అమెరికా మీదికి దండెత్తొచ్చిన దేశం ఒక్కటి లేదు.

మెక్సికోల వెరాక్రూజ్ రేవు పట్నాన్ని పట్టుకున్నప్పుడు ఆయనకు మొదటి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చిన్రు. ఆ ఒక్క దాడికే ఆ పతకాన్ని పదుల మందికి పంచిన్రు. బట్లర్ దాన్ని వాపస్ పంపిండు. ఇంత పెద్ద పతకానికి తగ్గ పని నేను చెయ్యలేదని రాసిండు. పైనున్నోళ్లు ఒప్పుకోలే. తీస్కోవాలె, తొడుక్కోవాలె అని హుకుం ఇచ్చిన్రు.

రెండో పతకం హైతీల వచ్చింది. 1915 నవంబర్ 17న గుట్ట మీదున్న ఫోర్ట్ రివియేర్ అనే పాత కోటల దాగిన తిరుగుబాటుదార్ల మీదికి పోయిండు. వాళ్లను కాకోలు అంటరు. మెరీన్ల దిక్కు ఒక్క పానం పోలే. కోటల ఉన్నోళ్లు దాదాపు 50 మంది సచ్చిన్రు. తర్వాత కోటను డైనమైట్ పెట్టి పేల్చిన్రు. ఒక దిక్కు పతకం వచ్చింది, ఇంకో దిక్కు శవాల మీద రాళ్లు పడ్డయి. సచ్చినోళ్లు గూడ తమ దేశం కోసమే కొట్లాడుతున్నమని అనుకున్నోళ్లే.

హైతీల బట్లర్ చేసిన పనుల్ల ఒకటి ఎవరూ మరువద్దు. అక్కడి పోలీసు దళాన్ని ఆయనే తయారు చేసిండు. రోడ్లు వేసెతందుకు రైతులను పట్టుకొచ్చి వెట్టి చేయించిన్రు. 1917ల అమెరికాకు అనుకూలమైన రాజ్యాంగాన్ని హైతీ పార్లమెంటు ఒప్పుకోకపోతె, ఈయన సాయుధ పోలీసులను తీస్కపోయి ఆ సభనే మూయించిండు. తర్వాతి కాలంల మాట్లాడే హక్కు కోసం కొట్లాడిన మనిషే ఒక దేశం సభ నోరు మూసిండు. ఈయనను దేవుని లెక్క మొక్కుతె ఈ ముచ్చట దాచిపెట్టినట్టయితది. వెట్టి అంటె ఏందో తెలిసిన తెలంగాణ గడ్డ మీద పుట్టినోళ్లం, మనమన్న దాన్ని మరువద్దు.

ఆయన మనసు మారెతందుకు హైతీ ఒక్కటే కారణం కాదు. ఫ్రాన్స్‌ల చూసింది గూడ ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంల ముందు వరసల కొట్లాడాలని ఆయన ఎంత అడిగినా పంపలే. 1918 చివర్ల బ్రెస్ట్ రేవు పక్కన పొంటనెజాన్ అనే క్యాంపును అప్పజెప్పిన్రు. అమెరికా నుంచి ఓడల మీద దిగిన సిపాయిలు అక్కడే ఆగి ముందుకు పోవాలె. ఆ క్యాంపు అంత మోకాలు లోతు బురద. మీదికెళ్లి ఇన్‌ఫ్లుయెంజా. తూటా మొకం గూడ చూడని పిల్లలు జ్వరంతోటి రాలిపోతున్నరు.

అదే రేవు గోదాములల్ల కందకాల కోసం తెచ్చిన కట్టె చట్రాలు కుప్పలు కుప్పలు పడున్నయి. కాయిదాలు, పర్మిషన్లు అనుకుంట కూసుంటె ఇంకెంతమంది పోతరో అని బట్లర్ తన మనుషులను తోల్కపోయి ఆ చట్రాలు ఎత్తుకొచ్చిండు. తాను గూడ ఒకటి భుజం మీద వెట్టుకొని మోసిండు. బురదల బాటలు పరిపిచ్చిండు, వేడి వేడి తిండి పెట్టిపిచ్చిండు, దుప్పట్లు ఇప్పిచ్చిండు. సిపాయిలు ఆయనకు చెక్కల జనరల్ అని పేరు పెట్టుకున్నరు. యుద్ధం లెక్క చూస్తె, అమెరికా దిక్కు సచ్చిన లక్షా 16 వేల మందిల సగానికంటె ఎక్కువ మంది రోగాలతోటి, ప్రమాదాలతోటి పోయినోళ్లే. సిపాయికి ఇచ్చే గౌరవం సమాధి కాడ మొదలు గావద్దని, తడి బట్టలు ఆరేసుకునే కాడ మొదలు గావాలెనని బట్లర్‌కు అక్కడ తెలిసొచ్చింది.

యుద్ధం అయిపోయినంక దేశం ఏం చేసింది? 1921 నవంబర్ 11న ఆర్లింగ్టన్ శ్మశానంల పేరు తెల్వని సిపాయిని పాతిపెట్టిన్రు. ఫ్రాన్స్‌ల దొరికిన, ఎవలో గుర్తు పట్టరాని ఒక శవం అది. అధ్యక్షుడు హార్డింగ్ వచ్చిండు, దేశదేశాల పెద్దలు వచ్చిన్రు. మంచి పనే. ఆ గుర్తు తెల్వని సిపాయి తల్లి ఎక్కడున్నా, ఆయన నా కొడుకే గావచ్చు అనుకొని ఒక దండం పెట్టుకుని ఉంటది.

బతికొచ్చినోళ్లకు ఏమిచ్చిన్రు? 1924ల ఒక చట్టం చేసిన్రు. దేశంల ఉండి పనిజేసిన రోజుకు ఒక డాలర్, సముద్రం దాటి పనిజేసిన రోజుకు డాలరుంబావు లెక్కగట్టి సర్టిఫికెట్లు ఇచ్చిన్రు. పైసలు మాత్రం 1945ల ఇస్తమన్నరు. అంతకన్న ముందు కావాల్నంటె సావాలె, అప్పుడు ఇంటోళ్లకు ఇస్తరు. సిపాయిలు దానికి సమాధి బోనస్ అని పేరు పెట్టిన్రు. నవ్వు తాలూకు పేరే గని, మస్తు మంట ఉన్నది అండ్ల.

బట్లర్ 1929ల మేజర్ జనరల్ అయిండు. మెరీన్లల్ల అందరికంటె పెద్ద కొలువు తనకే వస్తదనుకున్నడు, 1930ల దాన్ని వేరేటోళ్లకు ఇచ్చిన్రు. ఆయన నోటి దురుసు పైనోళ్లకు అప్పటికే గిట్టకపోతుండె.

1931 జనవరి 19న ఫిలడెల్ఫియాల ఒక క్లబ్బుల యుద్ధాలు రాకుండ ఎట్ల ఆపాలె అన్నదాని మీద మాట్లాడిండు. పిచ్చికుక్క లెక్క మీదవడే దేశాలుంటయి, ఒట్టి ఒప్పందాలను నమ్ముకుంటె నడవదని చెప్పుకుంట, ముస్సోలినీ ముచ్చట తీసిండు. ఆయన దోస్తు ఒకాయన ఇటలీల ముస్సోలినీతోటి కారుల పోయిండట. ముస్సోలినీయే జోరుగ నడుపుతున్నడు. తొవ్వల ఒక చిన్న పిల్ల కారు కింద పడ్డది. దోస్తు బీరిపోయి ఎనుకకు తిరిగి చూస్తె, ముస్సోలినీ కారు ఆపలే. రాజ్యాల లెక్కల ఒక పానం ఎంత అన్నట్టు మాట్లాడిండట. ఆ దోస్తు కోటీశ్వరుల కుటుంబంల పుట్టిన జర్నలిస్టు కార్నీలియస్ వాండర్‌బిల్ట్ అని తర్వాత బయటవడ్డది.

ఇది పేపర్లకెక్కింది. ఇటలీ రాయబారి లొల్లి వెట్టిండు. ముస్సోలినీ అసలు అట్ల జరగనే లేదన్నడు. అమెరికా విదేశాంగ మంత్రి హెన్రీ స్టిమ్‌సన్ ఇటలీకి క్షమాపణ చెప్పిండు. అధ్యక్షుడు హూవర్ బట్లర్‌ను కోర్టు మార్షల్ చెయ్యుమన్నడు. క్వాంటికో స్థావరంల ఆయనను అరెస్టుల వెట్టిన్రు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత ఒక జనరల్‌ను అట్ల అరెస్టు చేసుడు అదే మొదటిసారి.

దేశంల జనం మాత్రం బట్లర్ దిక్కు నిలవడ్డరు. ఈయనను బోనెక్కిస్తె అసలు విచారణ ముస్సోలినీ మీదనే జరిగేటట్టున్నదని సర్కారుకు సమజైంది. ఫిబ్రవరిల కేసు ఎత్తేసిన్రు, ఒక మందలింపు కాయిదం ఇచ్చి ఇడిసిపెట్టిన్రు. అదే ఏడు అక్టోబర్ 1న ఆయన కొలువు ఇడిసిపెట్టిండు.

ఒకటి మాత్రం న్యాయంగ ఒప్పుకోవాలె. యూనిఫాం మీదున్న జనరల్ విదేశాల గురించి ఇష్టమున్నట్టు మాట్లాడితె ఏ సైన్యం నడవదు. తుపాకి చేతుల ఉన్నోడు రాజకీయం మాట్లాడుతుంటె జనానికే ఖతర. చాన దేశాలల్ల జనరళ్లు నోరు పెంచి, చివరికి గద్దె ఎక్కి కూసున్నరు. కాబట్టి సైన్యంల కట్టుబాటు ఉండాలె. మరి ఆ కట్టుబాటు అందరికీ ఒక్క తీరు ఉన్నదా? అప్పట్ల అమెరికాల ముస్సోలినీని పొగిడే పెద్దమనుషులు తక్కువ లేరు. రైళ్లు టైముకు నడిపిస్తున్నడు, కార్మికుల నోరు మూయించిండు అని మురిసిపోయే వ్యాపారులు మస్తుగున్నరు. పొగిడితె తప్పు కాలే, తిడితె తప్పయింది. ఆ తీరుగనే కట్టుబాటు కాస్త పక్షపాతం అయింది.

ఇంకో బట్లర్ ముచ్చట గూడ ఇక్కడ్నే చెప్పాలె. ఆయన పేరు నికొలస్ మర్రే బట్లర్. ఈయనకు ఆయనకు చుట్టరికం లేదు. న్యూయార్క్‌ల కొలంబియా యూనివర్సిటీకి ప్రెసిడెంట్, 1931ల నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నోడు. 1933 డిసెంబర్‌ల ఆ యూనివర్సిటీకి హిట్లర్ సర్కారు రాయబారి హాన్స్ లూథర్‌ను ఉపన్యాసానికి పిలిచిన్రు. అప్పటికే జర్మనీల యూదు ప్రొఫెసర్లను కొలువులకెళ్లి తీసేసిన్రు, మే నెలల పుస్తకాలు కుప్పబోసి కాలబెట్టిన్రు. విద్యార్థులు వద్దని లొల్లి చేసిన్రు. స్నేహంగ ఉన్న దేశం రాయబారికి మర్యాద ఇయ్యాలెనని ప్రెసిడెంట్ ఇనలే. లూథర్ వచ్చి హిట్లర్ శాంతి కోరుకుంటున్నడని చెప్పి పోయిండు.

పగోని దిక్కు మనిషికి మైకు ఇయ్యొచ్చునా? నా మటుకు నేను ఇయ్యొచ్చు అంట. వాడు ఏం మాట్లాడుతడో ఇంటె వాని బుద్ధి మనకు తెలుస్తది. నోరు మూయిస్తె అబద్ధం చీకట్ల పెరుగుతది. కాని దానికి రెండు షరతులున్నయి. ఒకటి, మాట్లాడినోన్ని ఎదురుంగ నిలవడి అడిగే హక్కు విన్నోళ్లకు ఉండాలె. రెండోది, అడిగినోనికి ఎనుక నుంచి దెబ్బ పడొద్దు. కొలంబియాల ఏమైంది? అదే ప్రెసిడెంట్ 1917ల యుద్ధాన్ని వ్యతిరేకించిండ్రని కాటెల్, డానా అనే ఇద్దరు ప్రొఫెసర్లను తీసేసిన సర్కస్‌కు పెద్ద. 1936ల నాజీల చేతులల్ల ఉన్న హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ ఉత్సవాలకు కొలంబియా నుంచి మనిషిని పంపొద్దని, ప్రెసిడెంట్ ఇంటి ముందట ధర్నా నడిపిన రాబర్ట్ బర్క్ అనే విద్యార్థిని కాలేజీకెళ్లి ఎల్లగొట్టిన్రు. పరాయి నియంత మనిషికి మైకు, సొంత విద్యార్థికి గేటు బయట జాగ. దాన్ని వాక్ స్వాతంత్ర్యం అంటె ఎట్ల? అది పెద్దోళ్లు పెద్దోళ్లకు ఇచ్చుకునే మర్యాద.

మళ్ల మన జనరల్ కాడికొద్దం. 1932 ఎండాకాలం. దేశమంత పనులు లేక అల్లాడుతున్నది. సమాధి బోనస్ ఇప్పుడే ఇయ్యుండ్రి అని దాదాపు 20 వేల మంది పాత సిపాయిలు వాషింగ్టన్ వచ్చిన్రు. పెళ్లాం పిల్లలతోటి అనకోస్టియా ఏటి ఒడ్డున రేకులు, అట్టలతోటి గుడిసెలు వేసుకున్నరు. జూన్ 17న సెనేట్ వాళ్ల బిల్లును కొట్టేసింది. కొందరు పోయిన్రు, చానమంది అక్కడ్నే ఉన్నరు. జులైల బట్లర్ ఆ గుడిసెల కాడికి పోయిండు. వాళ్లతోటి కూసొని తిన్నడు, రాత్రి అక్కడ్నే పండుకున్నడు. పెద్ద కంపెనీలు ఢిల్లీల దర్బారుల తిరిగినట్టు వాషింగ్టన్‌ల తిరిగి పనులు చేయించుకుంటున్నప్పుడు, అడిగే హక్కు మీకు మాత్రం ఎందుకుండదు అన్నడు. చట్టం మాత్రం దాటొద్దని గట్టిగ చెప్పిండు.

జులై 28న పేలిన పోలీసుల తూటాలకు విలియం హుష్కా, ఎరిక్ కార్ల్‌సన్ అనే ఇద్దరు పాత సిపాయిలు బలైన్రు. అదే రోజు జనరల్ మకార్థర్ గుర్రపు దళం, ట్యాంకులు, బాష్పవాయువు తీస్కొని వచ్చి జనాన్ని ఎల్లగొట్టిండు. గుడిసెలు తగలవడ్డయి. లిథువేనియా నుంచి బతుకచ్చిన హుష్కాను ఏడ పాతిపెట్టిన్రో ఎరుకేనా? ఆర్లింగ్టన్‌ల, సైనిక మర్యాదలతోటి. బతికున్నప్పుడు బాకీ పైసలు అడుగుతె తూటా ఇచ్చిన్రు, సచ్చినంక జెండా కప్పిన్రు.

1934ల ఇంకో పెద్ద ముచ్చట అయింది. గెరాల్డ్ మెగ్వైర్ అనే బాండ్ల వ్యాపారి బట్లర్ ఎంట వడ్డడు. 5 లక్షల మంది పాత సిపాయిలను కూడగట్టి వాషింగ్టన్ మీదికి నడిపియ్యాలె, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను పేరుకే ఉంచి అసలు పెత్తనం గుంజుకోవాలె, పైసలకు కొదువ లేదన్నది ఆ పథకమని బట్లర్ పార్లమెంటు కమిటీ ముందట సాక్ష్యం చెప్పిండు. మెగ్వైర్ కాదన్నడు. పెద్ద పేపర్లు ఎక్కిరించినయి. 1935ల కమిటీ మాత్రం అసువంటి ప్రయత్నాల మీద మాటలు నడిచినయని రాసింది. కోర్టుకెక్కినోడు ఒక్కడు లేడు. ఇటలీల ముస్సోలినీ గూడ యుద్ధం జేసి కడుపు కాలినోళ్లనే కూడగట్టి గద్దెనెక్కిండు. సచ్చిన సిపాయిల పేరు చెప్పి బతికున్న సిపాయిలను జనం మీదికి తోలుడు ఎట్లనో బట్లర్‌కు తెలుసు. అందుకే ఆ పైసలకు లొంగలే.

1935ల ఆయన యుద్ధం అనేది ఒక దందా అని చిన్న పుస్తకం రాసిండు. మెక్సికోల నూనె కంపెనీల కోసం, హైతీల బ్యాంకు కోసం, నికరాగ్వాల ఇంకో బ్యాంకు కోసం తాను గూండాగిరి చేసినట్టయిందని ఆ ఏడే ఒక పత్రికల ఒప్పుకున్నడు. పుస్తకంల లెక్కలు తీసిండు. సిపాయి నెల జీతం 30 డాలర్లు. అండ్ల సగం ఇంటోళ్లకు, ఇంకింత బీమాకు పట్టుకుంటె చేతికి మిగిలేది 9 డాలర్లు గూడ కాదు. అదే యుద్ధంల 21 వేల మంది కొత్తగ కోటీశ్వరులైన్రని రాసిండు. పాత సిపాయిలున్న 18 దవాఖానలు తిరిగి చూసొచ్చిన గోస గూడ రాసిండు.

మందు గూడ చెప్పిండు. యుద్ధం వస్తె కంపెనీ యజమానులకు, మంత్రులకు గూడ సిపాయి లెక్క నెలకు 30 డాలర్లే ఇయ్యుండ్రి. యుద్ధం కావాల్నా వద్దా అని ఓటు కొట్లాడ పోయేటోళ్లతోటే వేయియ్యుండ్రి. సైన్యాన్ని మన దేశాన్ని కాపాడెతందుకే ఉంచుండ్రి, ఓడలు ఒడ్డుకు 200 మైళ్లు, విమానాలు 500 మైళ్లు దాటొద్దు. ఇవన్ని జరిగే పనులా అంటె కష్టమే. హిట్లర్ లాంటోడు వస్తె ఇంట్ల కూసుంటె అయితదా అని అడుగుతె దానికి ఆ పుస్తకంల సరైన జవాబు దొరకది. అయినా పానం ఎవనిది, లాభం ఎవనిది అన్న ప్రశ్న మాత్రం పాతది గాలే.

1935 అక్టోబర్‌ల ముస్సోలినీ ఇథియోపియా మీదవడ్డడు. 1940 జూన్ 10న ఫ్రాన్స్, బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించిండు. సరిగ్గ 11 రోజులకు, జూన్ 21న, బట్లర్ ఫిలడెల్ఫియా నేవీ దవాఖానల పానం ఇడిసిండు. 58 ఏండ్లు. 1941 డిసెంబర్ 11న ముస్సోలినీ అమెరికా మీద గూడ యుద్ధం ప్రకటించిండు. 1943ల సిసిలీ ఒడ్డున దిగి సచ్చిన అమెరికా పిల్లలకు సమాధులు కట్టిన్రు. పన్నెండేండ్ల కింద ముస్సోలినీకి క్షమాపణ చెప్పిన స్టిమ్‌సనే అప్పుడు వాళ్ల యుద్ధ మంత్రి.

బట్లర్‌ను సొంతూరు వెస్ట్ చెస్టర్‌ల పాతిపెట్టిన్రు. దేశం ఆయనను మరువలే, గౌరవించింది. జపాన్ దిక్కు ఒకినావాల ఉన్న మెరీన్ల స్థావరానికి ఆయన పేరే పెట్టింది. అమెరికా ఒడ్డు నుంచి 500 మైళ్లు కాదు, కొన్ని వేల మైళ్ల దూరంల ఉన్నది అది. పేరు తీసుకున్నరు, మాట ఇడిసిపెట్టిన్రు.

తమ్మీ, చెల్లే, రేపు మీ ఊర్ల అమరుడైన సిపాయికి దండ ఏసే కాడ మీరు గూడ నిలవడుండ్రి. అండ్ల తప్పు లేదు, నిలవడాలె. నిలవడి, అదే ఊర్ల బతికున్న పాత సిపాయికి పింఛను వస్తున్నదా, సచ్చినాయన భార్యకు ఇస్తమన్న జాగ చేతికొచ్చిందా అని గూడ అడుగుండ్రి. పరాయి దేశపు నాయకుడు వచ్చి మాట్లాడుతుంటె చెవులు మూసుకోకుండ్రి, ఇనుండ్రి. ఇన్నంక ప్రశ్న అడిగెతందుకు చెయ్యి లేపుండ్రి. ఆ చెయ్యి లేపినోన్ని దేశద్రోహి అనెటోళ్లు ఉంటరు. 1931ల రెండు పతకాల జనరల్‌నే అరెస్టు చేసినోళ్లు ఉన్నరు, కేసు వాపస్ తీసుకునే దాక ఆయన ఎంట నిలవడ్డ జనం గూడ ఉన్నరు. మనం ఆ జనంల ఉండాలె.